కదలని గీత

"ఆ కంప్యూటరు ముయ్యి అమ్మాయ్. ఇది భోజనాల బల్ల."

అచ్చిబాబు గారు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచడం లేదు. గరిటెలు కూడా పెనాన్ని భయం భయంగా తాకుతున్నాయి.

కోడలు దుర్గాశ్రీ మూయలేదు. ల్యాప్‌టాప్‌ని మామగారి వైపు తిప్పింది. పెసరట్టు పళ్ళేనికీ అల్లప్పచ్చడి గిన్నెకీ మధ్య, తెర మీద ఒక ఆకుపచ్చ గీత. ఈ చివర నుంచి ఆ చివరికి, నాట్లకు తాడు లాగి కట్టినట్టు.

"మన హేచరీ లెక్క చూడండి మావయ్య గారూ. మూడో మిషను. ఆ తెల్లవారుజామున రెండూ పది నుంచి ఆరింటి దాకా లోపలి వేడి. తొంభైతొమ్మిది పాయింటు ఏడు. నాలుగ్గంటల్లో ఒక్క పిసరు కదల్లేదు."

"కదలకపోతే మంచిదే కదా. గుడ్డుకి కావలసిన వేడి అదే."

"కావలసింది అదేనండి. కానీ అలా ఉండదు. ఫ్యాను తిరుగుతుంది, వేడి ఎక్కుతుంది, దిగుతుంది. మామూలు రోజు గీత ఇదిగో, ఎలా వంకర్లు పోతోందో చూడండి. లోపల ప్రాణాలున్న మిషను ఇంత తిన్నగా ఉండదు."

"ఇంకో అట్టు వెయ్యనా?" అన్నారు అత్తగారు చిన్నమ్మాయి గారు, ఎవరినీ చూడకుండా.

ఎవరూ పలకలేదు. ఆవిడ వేసేశారు.

"అయితే ఏమంటావు?" అన్నారు అచ్చిబాబు గారు.

"ఆ నాలుగ్గంటలూ హేచరీ గోడ మీది బోర్డు మనకి అబద్ధం చెప్పిందంటాను. రాత్రి పనిలో ఉన్న సామ్యేలు తలుపు తియ్యబట్టి గుడ్లు చావలేదు. గుడ్లు చస్తున్నాయనే అతను తలుపు తీశాడు."

ఎదురుగా కూర్చున్న మొగుడు సత్యప్రసాద్ అట్టు ముక్కని పచ్చడిలో ముంచి, మళ్ళీ ముంచి, మళ్ళీ ముంచాడు. తినలేదు.

"ఆ బోర్డుకి ప్రోగ్రాము రాసింది నువ్వే కదా," అన్నాడు చివరికి. "ఊరంతా పిలిచి చూపించుకున్నాం. ఇప్పుడు నువ్వే అబద్ధాలకోరు అంటున్నావు."

"నేను రాసింది ఇది కాదండీ. వైరు ఊడితే ఎర్రక్షరాలు పడాలి. మన ముగ్గురి ఫోన్లూ మోగాలి. మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు."

ఆ 'ఎవరో' అన్న మాట బల్ల దాటి తిన్నగా వెళ్ళి మొగుడి పళ్ళెంలో పడింది.

పడక ఏం చేస్తుంది? రాజమండ్రిలో రెండేళ్ళు కంప్యూటరు డిప్లొమా చదివిన మనిషి సత్యప్రసాద్. పెళ్ళాం రాసిన బోర్డులో ఇదివరకు రెండుసార్లు చెయ్యి పెట్టాడు. ఒకసారి రంగులు మార్చాడు. ఇంకోసారి పై మూలన తన ఫోటో పెట్టుకున్నాడు, కళ్ళజోడుతో సహా.

"పదకొండింటికి సూర్యప్రకాశం మాస్టారు వస్తారు," అన్నారు అచ్చిబాబు గారు, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ. "కాగితం రాస్తారు. కునుకు పట్టింది, నిద్రమత్తులో తలుపు తీసి వదిలేశాను అని సామ్యేలు సంతకం పెడతాడు. కోడిపిల్లల కోసం చెప్పుకున్న రైతులందరికీ ఆ కాగితం చూపిస్తాం. అక్కడితో సరి."

"ఆ కాగితం చూశాక ఈ చుట్టుపక్కల ఏ హేచరీ వాళ్ళు సామ్యేలుని గుమ్మం ఎక్కనిస్తారండి?"

"వయసైంది కదమ్మా. విశ్రాంతి తీసుకుంటాడు."

"ఇరవై రెండేళ్ళు రాత్రిళ్ళు మేలుకున్నవాడికి నిద్రపోతాడని పేరు పెట్టి విశ్రాంతి ఇస్తారా?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. వేలు వేలూ విడివిడిగా.

"బల్ల మీద నుంచి అది తియ్యి," అని మాత్రం అన్నారు.

*

బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. అది ఊరందరి మర్యాదే. అచ్చిబాబు గారి వంశం ఆ మర్యాదని ఇంకో అంతస్తు లేపింది. ఆ గుమ్మంలో చెడ్డమాట పలకడం చెడ్డపని చెయ్యడం కంటే పెద్ద తప్పు.

యాభైమూడు వరదలో వాళ్ళ తాతగారు వంటింటి తలుపెక్కి కొట్టుకుపోతూ యానాం దగ్గర తేలాడట. మొలలోతు నీళ్ళలో నిలబడే ఒక కార్డు సంపాదించి, "ఇచ్చట అంతా క్షేమం. గోదారమ్మ రమ్మంటే యానాం వచ్చాను. వంటింటికి వేరే తలుపు పెట్టించుకోగలరు" అని రాశాడట. ఆ కార్డు ఇంటికి చేరేసరికి ఇక్కడ పెద్దకర్మ భోజనాలు నడుస్తున్నాయి. కార్డు చదువుకున్న జనం, వండిన గారెలు పారేస్తే పాపమని, చివరి గారె దాకా తిని మరీ లేచారట. ఆ గారెల పొట్టు పారబోసిన చోటే ఇప్పటికీ మినుములు వాటంతటవే మొలుస్తాయంటారు. నమ్మేవాళ్ళు నమ్మండి.

కోళ్ళ సంగతికొస్తే, ఆ ఊరి కోళ్ళూ తక్కువవి కావు. పొద్దున రైలు కూత వింటేనే గుడ్డు పెట్టే పెట్ట ఒకటి ఉండేది. ఓ రోజు రైలు నాలుగ్గంటలు ఆలస్యమైతే, పెట్ట కూడా పాపం స్టేషను వైపు చూస్తూ కూర్చుందట.

అలాంటి ఊళ్ళో, మూడు రోజుల కిందట, అచ్చిబాబు గారి హేచరీలో మూడో మిషనులో ఇరవై వేల గుడ్లు ఒక్క పొద్దులో చచ్చిపోయాయి. రేపో ఎల్లుండో పెంకు పొడుచుకుని రావలసిన పిల్లలు. బుట్టలకొద్దీ తీసుకెళ్ళి తోటలో గొయ్యి తవ్వి పూడ్చారు. ఫ్యాను బెల్టు తెగి ఉంది. అది తెగి కొట్టిన దెబ్బకి వేడి చూసే వైరు ఊడి వేలాడుతోంది.

కానీ బోర్డు మీద లెక్క మాత్రం తొంభైతొమ్మిది పాయింటు ఏడు. ఆరింటికి సామ్యేలు తలుపు తీసేదాకా అంతా సవ్యం. కాబట్టి తీసినవాడే చంపాడు, బెల్టూ వైరూ వాడి కంగారులోనే తెగాయి. ఇంతకంటే సులువైన న్యాయం గోదావరి ఇరుగట్లా దొరకదు.

*

దుర్గాశ్రీ మేడ మీద గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. బోర్డుకి తను రాసిన కోడు తెరిచింది.

హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే పిల్ల. తప్పులు పట్టడమే ఆ అమ్మాయి తిండి. ప్రోగ్రాము రాసేటప్పుడు ప్రతి పనికీ రెండు భాగాలుంటాయి. ఇది చేసి చూడు అన్నది మొదటి భాగం. చేస్తుండగా ఏదైనా తేడా వస్తే పట్టుకుని కేకెయ్యి అన్నది రెండోది. ఆ రెండో భాగంలోనే రాసినవాడి బుద్ధి తెలుస్తుంది. కొబ్బరిచెట్టు ఎక్కినవాడి కింద నిలబెట్టిన మనిషి లాంటిది అది. పైవాడు జారితే కేకెయ్యాలి. చేతులు కట్టుకుని 'కాయల దింపు బాగానే సాగుతోంది' అని ఇంటికి కబురు పెడుతూ కూర్చోకూడదు.

వైరు నుంచి వేడి చదివే చోటికి వచ్చింది.

అక్కడ కింద మనిషి చేతులు కట్టుకునే ఉన్నాడు. తేడా వస్తే ఏమీ చెయ్యకు, పాత అంకె మళ్ళీ చూపించు. నాలుగు వరసలు. అంతే.

తలుపు తోసుకుని సత్యప్రసాద్ వచ్చాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"మీ చెయ్యి."

"దొరికిందా?"

"దొరుకుతుంది. ఏ వరస ఎవరు రాశారో, ఏ రోజు ఎన్ని గంటలకో, అంతా చరిత్రలో ఉంటుంది."

"చూడు మరి," అన్నాడు అతను మంచం మీద కూర్చుంటూ. అతని గొంతులో భయం లేదు. అది ఆమెకి నచ్చలేదు.

నొక్కింది.

ఆ నాలుగు వరసల పక్కనా తేదీ పడింది. పోయిన శ్రావణం, హేచరీలో కొత్త బోర్డు పెట్టిన రోజు. పొద్దున్న పది గంటల నలభై నాలుగు నిమిషాలు. దాని పక్కన పేరు.

దుర్గాశ్రీ.

ఆ వరసల నెత్తిన తన మాటలే, తన అలవాటు చొప్పున తెలుగులో: 'తాత్కాలికం. పూజ అవగానే తీసెయ్యాలి.'

అప్పుడు గుర్తొచ్చింది. పందిరి. కొత్త బోర్డుకి బంతిపూల దండ. పది నలభై ఎనిమిదికి ముహూర్తం. ఒక వైరు వదులై బోర్డు మీద ఎర్రక్షరాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. పట్టుపంచెలో అచ్చిబాబు గారు చెవి దగ్గరికొచ్చి అన్న మాట: "శుభమా అని కొబ్బరికాయ కొట్టే వేళ ఎదురుగా ఎర్రక్షరాలేంటమ్మా? ఏదోటి చెయ్యి."

ఏదోటి చేసింది. నాలుగు నిమిషాల్లో. బోర్డు పచ్చగా వెలిగింది. కాయ తెల్లగా పగిలింది. అత్తగారు నుదుటి మీద ముద్దు పెట్టుకున్నారు. పులిహోర, పట్టుచీర, రాజమండ్రి నుంచి వచ్చిన చుట్టాలు. ఆ తరవాత పదకొండు నెలలు.

సత్యప్రసాద్ ఎప్పుడు లేచాడో, వెనక నుంచి వంగి చదివాడు. నెమ్మదిగా, బడిపిల్లాడిలా, పేరు పైకే చదివాడు.

"దు-ర్గా-శ్రీ."

ఆమె ల్యాప్‌టాప్ మూత సగం దించింది.

"మూడ్రోజులు," అన్నాడు. "అన్నం పెడుతూ నన్ను దొంగని చూసినట్టు చూశావు. నిన్న మా అమ్మ ఎదురుగా ఏమన్నావు? 'చేతకానివాడి చెయ్యి పడితే ఇంతే' అన్నావు."

"అన్నాను. తప్పే. క్షమించండి."

"క్షమించాను పో." అతను నవ్వాడు. ఆ నవ్వులో పెళ్ళైన ఐదేళ్ళ బాకీ అంతా ఉంది. "ఇప్పుడది చెరిపెయ్యి."

"చెరిపితే పోదండీ. చెరిపినట్టు కూడా నా పేరు మీదే రాసుకుంటుంది."

"అయితే మూసి కూర్చో. పదకొండు దాటితే అన్నీ సద్దుకుంటాయి. నీ పేరు బయటికొస్తే మొగల్తూరులో మీ నాన్నగారు తలెలా ఎత్తుకుంటారు?"

"సామ్యేలు ఎలా ఎత్తుకుంటాడు?"

"వాడు తల ఎప్పుడు ఎత్తాడు గనక?"

ఆమె తల తిప్పి మొగుడి ముఖం చూసింది. ఐదేళ్ళలో ఇంత దగ్గరగా చూసిన గుర్తు లేదు.

"ఎలా అనగలిగారండీ ఆ మాట?"

సత్యప్రసాద్ గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు.

"అసలు వాడు ఏం చెప్పినా నమ్మకు," అన్నాడు.

"ఏం చెప్తాడు?"

"ఏదో ఒకటి."

తలుపు మూసుకుంది. ఆమె ఆ తలుపునే చూస్తూ ఉండిపోయింది. భయం లేని మనిషి గుమ్మంలో ఎందుకు ఆగాడు?

*

హేచరీ వసారాలో మూడు కుర్చీలు వేశారు. ఒకటి అచ్చిబాబు గారికి, ఒకటి సూర్యప్రకాశం మాస్టారికి. మూడోది సత్యప్రసాద్‌కి వేశారుగానీ అతను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. సామ్యేలుకి కుర్చీ వెయ్యలేదు. వేసినా కూర్చోడు. అది అక్కడందరికీ తెలుసు, అందుకే ఎవరికీ సిగ్గు కలగలేదు.

గోడ మీద బోర్డు. ఆరు మిషన్లకి ఆరు గడులు. ఆరూ ఆకుపచ్చగా, ఏ బెంగా లేకుండా, కులాసాగా ఉన్నాయి.

సామ్యేలు చెప్పులు మెట్ల కింద వదిలి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళు. రాత్రి పని చేసీ చేసీ కళ్ళ కింద రెండు నల్లటి చారలు, కాటుక కిందికి జారినట్టు.

సూర్యప్రకాశం మాస్టారు నలభై ఏళ్ళు బడిపంతులుగా చేసిన మనిషి. ఆయన రాత ముత్యాలు. ఊళ్ళో ఏ ఇంట్లో ఏ తగువు వచ్చినా కాగితం ఆయనే రాయాలి, తప్పు కూడా అందంగా ఉంటుందని. గొంతు సవరించుకుని చదివారు.

"'...సదరు దినమున తెల్లవారుజామున కర్తవ్యమును విస్మరించి నిద్రించితిననియు, నిద్రమత్తులో మూడవ యంత్రము తలుపు తెరచి విడిచితిననియు, ఇందుకు యజమానులుగాని, వారి బోర్డుగాని బాధ్యులు కారనియు...'"

"మాస్టారండీ," అన్నాడు సామ్యేలు మెల్లిగా. "నేను నిద్రపోలేదండి."

"మాట వరసకి రాశాను సామ్యేలూ."

"మాట వరసకి రాసినా నా పేరు కిందే కదండి ఉండేది."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అచ్చిబాబు గారు దూరంగా కొబ్బరిచెట్ల వైపు చూశారు.

"నీకు నా మీద గౌరవం ఉందా లేదా?" అని అడిగారు చెట్లని.

"ఉందండి అయ్యగారూ."

"అయితే పెట్టు. నీ కూతురి పెళ్ళికి పందిట్లో మా ఇంటి కుర్చీలే వేశాం. మర్చిపోకు."

సామ్యేలు కలం అందుకున్నాడు.

"ఆగండి."

దుర్గాశ్రీ. చంకలో ల్యాప్‌టాప్. ఇంటి నుంచి ఎండలో నడిచొచ్చిందేమో ముఖమంతా చెమట. వెనకే పరుగు లాంటి నడకతో చిన్నమ్మాయి గారు, "అమ్మాయ్, మజ్జిగన్నా తాగలేదు" అంటూ.

"సత్యం," అన్నారు అచ్చిబాబు గారు కొడుకుతో, తొణక్కుండా. "అమ్మాయికి ఒంట్లో నలతగా ఉంది. లోపలికి తీసుకెళ్ళు."

"నాకే నలతా లేదు మావయ్య గారూ. మాస్టారూ, ఆ కాగితం తప్పండి. గుడ్లు నా వల్ల పోయాయి."



"నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా," అన్నారు మాస్టారు.

"బడిలో హాజరు పిలిచేవారు కదండీ. ఒక పిల్లాడు పలకలేదు. 'నిన్న వచ్చాడు కదా, ఇవాళా వచ్చినట్టే' అని వేసేస్తే?"

"దొంగ హాజరు."

"రోజూ అలాగే వేస్తే? పిల్లాడు ఏ కాలవలోనో పడిపోయి ఉంటే?"

మాస్టారు కాగితాన్ని ఒళ్ళోకి లాక్కున్నారు.

"నేను బోర్డుకి నేర్పింది అదేనండి. వైరు పలక్కపోతే పాత అంకె చూపించమని రాశాను. ముహూర్తం వేళ ఎర్రక్షరాలు కనపడకూడదని. పూజ అయ్యాక తీసెయ్యాలనుకుని మర్చిపోయాను."

"నేను చెప్తేనే రాశానంటావు," అన్నారు అచ్చిబాబు గారు.

"చెప్పింది మీరేనండి. రాసింది నేను. తియ్యనిదీ నేనే."

చిన్నమ్మాయి గారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఎందుకమ్మా ఇవన్నీ నలుగుర్లో," అన్నారు. ఏడుపో కోపమో తెలియని గొంతుతో.

దుర్గాశ్రీ మెట్ల వైపు తిరిగింది. ఎప్పుడూ 'సామ్యేలూ' అనే పిలిచేది. ఆ రోజు నోరు అలా తిరగలేదు.

"సామ్యేలు గారూ. తెల్లవారుజామున ఏం జరిగిందో చెప్పండి."

'గారు' విని సామ్యేలు ఎవరినో అనుకుని వెనక్కి చూశాడు. ఎవరూ లేరు.

"మీరొక్కరే కాదమ్మగారూ," అన్నాడు.

చొక్కా లోపల నుంచి ఒక నోటుబుక్కు తీశాడు. మనవరాలిది. అట్ట మీద రంగు పెన్సిల్‌తో వేసిన చేప ఉంది. బోర్డు వచ్చాక అతన్ని రాయొద్దన్నారు. తలుపుల అద్దానికి వేలాడే గాజు థర్మామీటర్లు చూసి గంట గంటకీ రాసుకోవడం ఇరవై రెండేళ్ళ అలవాటు. చెయ్యి ఊరుకోక దొంగతనంగా రాస్తూనే ఉన్నాడు.

మాస్టారు అందుకుని చదివారు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"'రెండు గంటలు, వంద. మూడు గంటలు, నూట ఒకటిన్నర. బోర్డు మీద మార్పు లేదు. మూడున్నర, నూట రెండున్నర. మూడూ యాభై, నూట మూడు. చిన్నబాబు గారికి ఫోను చేశాను. బోర్డు చూసి మాట్లాడమన్నారు. తలుపు ముట్టుకోవద్దన్నారు. నాలుగున్నర, నూట నాలుగు. మళ్ళీ ఫోను. ఎత్తలేదు.'"

మాస్టారు ఆగారు.

"'ఐదు, నూట నాలుగు. ప్రార్థన చేసుకున్నాను. ఆరు. ఉండబట్టలేక తలుపు తీశాను.'"

"గాజు గొట్టం గోదాట్లో పారెయ్ అన్నారండి ఫోన్లో," అన్నాడు సామ్యేలు, ఫిర్యాదుగా కాదు, మాస్టారు చదవని ముక్క పూర్తి చేసినట్టు. "ఇదివరకోసారి తలుపు తీశానని చివాట్లు పెట్టారు కదండి. అందుకే ఆగాను. ఆగకుండా ఉండాల్సింది. ఆ తప్పు నాదేనండి."

ఆ ముందు సాయంత్రం సత్యప్రసాద్ యానాం వెళ్ళి వచ్చిన సంగతి వసారాలో అందరికీ తెలుసు. సీసా చౌకగా దొరికే యానాంకి గాలి కోసం వెళ్ళలేదనీ తెలుసు.

అచ్చిబాబు గారు కొడుకు వైపు తిరిగారు. "ఫోను చేశాడా?"

"బోర్డు పచ్చగానే ఉంది నాన్నగారూ. ఫోన్లో చూసుకునే చెప్పాను."

"చేశాడా అన్నాను."

సత్యప్రసాద్ స్తంభానికున్న సున్నాన్ని గోటితో గీకాడు. ఒక పెళ్ళ ఊడి కింద పడింది.

తండ్రి కొడుకుని చూశాడు. ఆ ఒక్క క్షణం అచ్చిబాబు గారి ముఖం మీద ఏదో కదిలింది. కోపమో, అవమానమో. ఇప్పుడు బద్దలవుతారనుకుంది దుర్గాశ్రీ.

ఆయన చెయ్యి చాపి మాస్టారి ఒళ్ళోంచి నోటుబుక్కు తీసుకున్నారు. మూశారు. తన తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నారు.

"ఇలాంటివి ఎవరైనా తరవాత కూర్చుని రాసుకోవచ్చు," అన్నారు. "సంతకం పెట్టు సామ్యేలూ."

"అచ్చిబాబూ," అన్నారు మాస్టారు.

"మీరు కాగితం రాయడానికొచ్చారు మాస్టారూ. రాశారు."

మాస్టారు ముత్యాల్లాంటి తన రాతని చూసుకున్నారు. 

దుర్గాశ్రీకి అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. తను రాసింది నాలుగు వరసలే. ఈ ఇల్లు మూడు తరాలుగా అదే రాసుకుంటోంది.

ఎవరూ కూర్చోని ఆ మూడో కుర్చీలో కూర్చుంది. మామగారి ఎదురుగా ఆ వసారాలో అలా కూర్చోవడం అదే మొదటిసారి. ల్యాప్‌టాప్ తెరిచింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు సత్యప్రసాద్.

"పూజ అయిపోయింది కదండీ. తీసేస్తున్నాను."

నాలుగు వరసలూ చెరిపింది. వాటి చోట పదకొండు నెలల కిందట ఉండాల్సింది రాసింది. తేడా వస్తే చెప్పు. అందరికీ చెప్పు. నొక్కింది.

గోడ మీద బోర్డు ఒక్కసారి నల్లబడింది. తరవాత ఒక్కొక్క గడే వెలిగింది. ఒకటి, పచ్చన. రెండు, పచ్చన. మూడు, ఎరుపు.

"చూశారా, చచ్చిన మిషను," అన్నాడు సత్యప్రసాద్, ఊపిరి వదిలి. "వైరు ఊడింది కదా. ఇందులో కొత్తేముంది?"

నాలుగు, పచ్చన.

ఐదు, ఎరుపు.

అచ్చిబాబు గారి జేబులో ఫోను మోగింది. వెంటనే సత్యప్రసాద్ జేబులో. వెంటనే దుర్గాశ్రీ చేతిలో. మూడూ ఒకే కూత. ఎవరూ ఎత్తలేదు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని బోర్డు మీది ఎర్రక్షరాలు చదివారు. "'ఐదవ మిషను. వేడి అందడం లేదు. ఆఖరుగా అందినది పదకొండు రోజుల క్రితం.'"

"ఐదులో గుడ్లున్నాయి," అన్నారు చిన్నమ్మాయి గారు. ఆవిడ హేచరీ మాట మాట్లాడడం ఎవరూ వినలేదు అంతవరకు. "రేపు పిల్లలు రావాలి."

"లోపల ఎంతుందో గాజు గొట్టం చూస్తే తెలుస్తుంది," అంటూ దుర్గాశ్రీ లేచింది.

"గొట్టాలు లేవమ్మగారూ," అన్నాడు సామ్యేలు. "మూడోది పోయేదాకా చూసుకున్నాను, వందే ఉంది. గుడ్లు పోయిన రోజున చిన్నబాబు గారు అన్నీ తీయించేశారు. మూడు రోజులుగా ఐదు లోపల ఏముందో దేవుడికే ఎరుక."

తలుపు తీసి చూడాలి. తలుపుకి తాళం ఉంది. సామ్యేలు మళ్ళీ ముట్టుకోకుండా మూడు రోజుల కిందట వేయించిన తాళం. తాళంచెవి అచ్చిబాబు గారి మొలలో ఉంది.

సామ్యేలు కలం కుర్చీ చేతి మీద పెట్టాడు. సంతకం చోటు ఖాళీగానే ఉంది. మెట్లెక్కాడు. చెప్పులు లేని కాళ్ళతో వసారా దాటి ఐదో మిషను ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. తలుపు మీద అరచెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు. అతని ముఖం మారింది.

"వేడిగా ఉందా?" అంది దుర్గాశ్రీ.

అతను చెయ్యి తలుపు మీద నుంచి తీసి, మళ్ళీ వెనక్కి కట్టుకున్నాడు. పెద్దాయన వైపు తిరిగాడు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

"తలుపు తియ్యమంటారా అయ్యగారూ?" అన్నాడు సామ్యేలు. "ఈసారి తమరే చెప్పండి. మాస్టారు వినేలా."

అచ్చిబాబు గారి చెయ్యి మొలలోని తాళాల గుత్తి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.